చెత్తబుట్టలో వేసిన చలిమిడి

మొన్న ఆసుపత్రిలో నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మీ పాత డైట్ చార్టులు ఏవైనా ఉంటే ఇస్తారా?" అని అడిగింది. చార్టులకేం తల్లీ, బీరువా నిండా ఉన్నాయి, చెదలు కూడా వాటి జోలికి పోవడం లేదు. కావాలంటే పట్టుకెళ్లు. కాని నువ్వు అడగాల్సింది వాటి గురించి కాదు. అడగనివి చెప్పే అలవాటు నాకు ఎలాగూ ఉంది కాబట్టి, కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నేను ఏలూరులో ఒక పెద్దాసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది తాడేపల్లిగూడెం. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లడం, సాయంత్రం పాసింజరెక్కి రావడం. మా ఆడవాళ్ల పెట్టెలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కోర్టులో పనిచేసేవాళ్లు ఉండేవారు. బండి భీమడోలు చేరేలోగా ఎవరిదో ఒక డబ్బా మూత లేచేది. ఒకరోజు జంతికలు, ఒకరోజు కొబ్బరి లౌజు, ఇంకోరోజు ఎవరి ఇంట్లోనో నోముకు చేసిన బూరెలు. నేను ఏనాడూ దేన్నీ వద్దనలేదు. మూడు బూరెలు తిని మూతి తుడుచుకుని, ఏలూరులో దిగి, అరగంట తిరక్కుండా వార్డులో ఒక పెద్దాయన చేతిలోంచి బూరె లాక్కునేదాన్ని.

బయటికి కనిపించే మా ఉద్యోగం ఇదే, జనం నోటి దగ్గర ముద్ద లాగేయడం. దానికి డిగ్రీ అక్కర్లేదు, కాస్త గొంతుంటే చాలు. నాకు గొంతు బాగానే ఉండేది.

తిరిగొచ్చే కంచం

కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. పని నేర్పింది మాత్రం సూరన్న గారు. ఆయన ఆసుపత్రి వంటశాలలో హెడ్ కుక్. దెందులూరు నుంచి సైకిలు మీద వచ్చేవారు. మనిషి సన్నగా, చొక్కా ఎప్పుడూ తెల్లగా, మాట ఎప్పుడూ మెల్లగా ఉండేవి. చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయిందని ఆయనే చెప్పేవారు.

చేరిన కొత్తలో నేను షుగర్ వార్డుకు రాత్రిపూట చపాతీలు మొదలుపెట్టించాను. పుస్తకంలో అలాగే ఉంది మరి. ఈ గడ్డ మీద మూడు పూటలా అన్నం తిని పెరిగినవాళ్లకు చపాతీ అంటే ఏమిటో పుస్తకం రాసినవాళ్లకు తెలియదు. మొదటి రాత్రే ఆకివీడు నుంచి వచ్చిన ఒకావిడ కంచం చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకంత పెద్ద జబ్బు చేసిందాండీ? నిజం చెప్పండి" అని సిస్టర్ చెయ్యి పట్టుకుందట.

నేను మాత్రం కంచాలు వార్డులోకి వెళ్తుంటే చూసి పొంగిపోయేదాన్ని. ఒక్కోదాంట్లో రెండు చపాతీలు, ఆకుకూర, పెసలు, అంతా లెక్కప్రకారం. సూరన్న గారు రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అన్నారు.

"అమ్మా, ఏవీ అనుకోకండి. వెళ్లే కంచాలు చూసి మురిసిపోతే ఎలాగండీ? తిరిగొచ్చే కంచాలు కూడా చూడండి."

చూశాను. పెసలు సగం, ఆకుకూర ముప్పాతిక, చపాతీలు మొత్తం తిరిగొచ్చాయి. ఆ వారమే రాత్రి చపాతీ తీసేసి కొలిచి అన్నం పెట్టించాను. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం పావుగంట గిన్నెలు కడిగే చోట నిలబడేదాన్ని. నువ్వు కూడా నిలబడు. చీర కుచ్చిళ్లు తడుస్తాయి, అంతే.

మరీ పెద్ద మాత్రలు

గణపవరం నుంచి సత్యనారాయణ గారని ఒక రైతు వచ్చారు. కాలికి పుండు, మానడం లేదు, షుగర్ దిగడం లేదు. చూడబోతే ఆయన దిండు గలేబులో సున్నుండలున్నాయి. కూతురు తెచ్చి ఇస్తోంది. మినుములు దోరగా వేయించి, తిరగల్లో విసిరి, పాతబెల్లం, ఇంటి నెయ్యితో చేసిన ఉండలు. నేను వాటిని పట్టుకుని తిట్టడానికి నోరు తెరిచేలోపే వాసన నా ముక్కుకు తగిలింది. నిజం చెప్పొద్దూ, నాకే నోరూరింది.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. రాగిపిండి, ఓట్స్, అవిసెగింజలు కలిపి, బెల్లం బదులు షుగరువాళ్లు వాడే తీపి బిళ్లలు పొడి చేసి, నెయ్యి పేరుకు మాత్రం వేసి ఉండలు చేయించాను. సూరన్న గారు చేస్తున్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు. ఆయన అలా ఊరుకున్నారంటే అర్థం చేసుకోవాల్సింది, చేసుకోలేదు. రెండు ఉండలు స్టీలు గిన్నెలో పెట్టుకుని నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. సత్యనారాయణ గారు మర్యాదస్తుడు. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పారు.

"ఏవండీ, మాత్రలు మరీ ఇంతింత పెద్దవిస్తున్నారేంటండీ? చప్పరించాలా, నీళ్లతో మింగాలా?"

వార్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికెళ్లే బండిలో గానీ నాకు నవ్వు రాలేదు. మర్నాడు ఆయనతో బేరం కుదుర్చుకున్నాను. దిండులోవన్నీ నాకు ఇచ్చేయాలి. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అసలు సున్నుండలో సగం నేనే తెచ్చి పెడతాను, ఆ మేరకు అన్నం తగ్గిస్తాను. ఆయన ఒప్పుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. వెళ్లిపోయే రోజున నాతో, "దొంగతనంగా తినే నాలుగు కన్నా దర్జాగా తినే సగం నయమండి" అన్నారు. కాలు మానింది ఆ సగం ఉండ వల్ల కాదు, మందుల వల్ల. కాని మందులు పనిచేసే దారిలో అడ్డుగా ఉన్న నాలుగు ఉండలు తప్పుకున్నాయి.

ఇంత తెలిసి కూడా తర్వాత కొన్నేళ్లకు ఏం చేశానో చెప్తాను. తెలియడం వేరు, ఆ సమయానికి గుర్తుండడం వేరు.

దుర్గ

దుర్గ కొల్లేటి లంకల్లోని అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. భర్త చేపల చెరువుల మీద మేత పడవ నడుపుతాడు. తొమ్మిదో నెల వచ్చింది, కడుపుతో ఉండగానే షుగర్ వచ్చింది. పోయిన కాన్పులో బిడ్డ కడుపులోనే పోయింది. అందుకని మా గైనిక్ డాక్టరమ్మ ఆ పిల్లను కాన్పయ్యేదాకా ఇంటికి పంపనని చెప్పి, మంచం ఇచ్చి, రోజుకు మూడుసార్లు ఇన్సులిన్ రాశారు.

ఈ డాక్టరమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. నా బాసుల్లో మంచివాళ్లూ ఉన్నారు, మంచి పేరున్నవాళ్లూ ఉన్నారు. ఆవిడ మొదటి రకం. రౌండ్స్‌లో ఎంతటివాళ్లనైనా కడిగేసేవారు. కాని ఎవరిది తప్పో తేలేదాకా గొంతు లేపేవారు కాదు. నాకు లేని గుణం అది.

దుర్గ పక్కన వాళ్లమ్మ ఉండేది. పేరు పెద్దింట్లు. కొల్లేటికోట అమ్మవారి పేరు. నా ఈడుదే. ఎండకు కమిలిపోయిన మనిషి, నోట్లో నాలుక ఉందా అన్నట్టుండేది. ఏం చెప్పినా "ఆయ్" అనేది, తల ఊపేది. రాత్రి కూతురి మంచం కిందే చాప వేసుకునేది.

చేరిన నాలుగో రోజు పొద్దున్న దుర్గ షుగర్ బాగా పెరిగింది. నేను వార్డులోకి వెళ్తూనే మంచం పక్క గూడు తెరిచాను. పాతబట్టలో చుట్టిన స్టీలు డబ్బా ఉంది. మూత తీశాను. నిండా చలిమిడి. మీదంతా నున్నగా అదిమి, నెయ్యి రాసి, గసగసాలు, ఎండుకొబ్బరి ముక్కలు అద్ది ఉంది.

నేను ఏమన్నానో మొత్తం రాయను. "బిడ్డను నువ్వే చంపుకుంటావా?" అన్నాను. అది మాత్రం రాస్తాను, దాచకూడదు. ఇంకొకటి, ఆ కోపంలో పెద్దింట్లును నువ్వు అన్నాను. మా వైపు ముక్కూమొహం తెలియని మనిషిని కూడా మీరు అంటాం. నా ఈడు మనిషిని, ఇరవై మంచాల ముందు, నువ్వు అన్నాను. అని, ఆ డబ్బా తీసుకెళ్లి గుమ్మం దగ్గరున్న చెత్తబుట్టలో బోర్లించాను. ముద్ద ముద్దగా పడింది.

"అయ్యో, చలిమిడండీ!" అని ఎవరో అన్నారు. పెద్దింట్లు నా చేతిలోంచి ఖాళీ డబ్బా అందుకుని, కుళాయి దగ్గరికెళ్లి కడుక్కొచ్చింది.

ఆ డబ్బాలో చలిమిడి అంచుల దాకా నిండుగా ఉంది. ఒక్క చిటికెడు తీసిన గుర్తు లేదు. అది నా కళ్లతో చూశాను. చూసి కూడా పారేశాను. తినని దానివల్ల షుగర్ ఎలా పెరుగుతుందని నా బుర్రకు తట్టలేదు. అసలు సంగతి, ఇన్సులిన్ మోతాదు చాలలేదు. డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే మోతాదు పెంచారు.

శుభ్రంగా వచ్చిన కంచం

ఆ తర్వాత రెండు రోజులు దుర్గ కంచం ఖాళీగా తిరిగొచ్చింది. నేను గిన్నెలు కడిగే చోట నిలబడి చూసి, నా అరుపు పనిచేసిందని సంబరపడ్డాను. సూరన్న గారు ఆ కంచం చేతిలోకి తీసుకుని వెనకా ముందూ చూశారు.

"ఈ కంచం మరీ శుభ్రంగా వస్తోందండీ. మన వంట అంత బాగుంటుందంటారా?"

నేను నవ్వేశాను. మర్నాడు మధ్యాహ్నం సిస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చి పిలిచింది. దుర్గకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఇన్సులిన్ పెరిగింది, కడుపులో మాత్రం తిండి లేదు. అన్నం అంతా పక్క మంచం ఆవిణ్ని చూడ్డానికి వచ్చే పిల్లలకు పెట్టేస్తోంది. గ్లూకోజ్ ఎక్కించారు. పిల్ల తేరుకుంది. డాక్టరమ్మ కడుపు మీద మిషను పెట్టి బిడ్డ గుండె కోసం వెతుకుతున్నంతసేపూ నేను మంచం కమ్మి పట్టుకునే ఉన్నాను. టకటకమని చప్పుడు వినపడ్డాక గానీ కమ్మి వదల్లేదు.

"ఎందుకు తినట్లేదమ్మా?" అని డాక్టరమ్మ దుర్గను అడిగారు.

"దిగట్లేదండి" అంది ఆ పిల్ల. అని నా వైపు చూసి తల తిప్పుకుంది.

అప్పుడు పెద్దింట్లు నోరు విప్పింది. ఆవిడ అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

"మా ఇళ్లల్లో తొమ్మిదో నెల రాగానే పుట్టింటోళ్లు చలిమిడి తెచ్చి ఒళ్లో పెట్టాలండి. కడుపు సల్లగా ఉండాలని. పోయినసారీ చేశానండి. ఆ ఏడు కొల్లేరు పొంగి దారి మునిగిపోయింది. దీని అత్తోరి లంకకి పడవ కూడా కట్టలేదు. నీళ్లు తీశాక ఎల్దాంలే అనుకున్నానండి. ఆ వారంలోనే కడుపులో బిడ్డ కదలడం మానేసింది. నీళ్లు తీశాక ఎల్లానండి, ఉత్త చేతులతో ఎల్లాను."

ఆగి, కొంగుతో కూతురి నుదురు తుడిచింది.

"ఈసారి మంచం దాకా తెచ్చానండి. శుక్రవారం ఒళ్లో పెడదాం, డాటరుగారిని అడిగి ఒక్క చిటికెడు నోట్లో పెడదాం అనుకున్నాం. తిననిద్దామని కాదండి."

పోయినసారి కొల్లేరు అడ్డమొచ్చింది. ఈసారి నేను అడ్డమొచ్చాను. అక్కడే, అదే ఇరవై మంచాల ముందు, "తప్పు నాదేనండి, నన్ను క్షమించండి" అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

"తప్పేముందండీ, మీ ఉద్యోగం మీరు చేశారు" అంది పెద్దింట్లు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచారు. "ఎంత బెల్లానికి ఎంత అన్నం తగ్గించాలో లెక్క నాకన్నా నీకు బాగా తెలుసు. ఆ లెక్క వేసి ఆ పిల్ల ఒళ్లో చలిమిడి నువ్వే పెట్టించు" అన్నారు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు.

వంటశాలలో పెద్దింట్లు

నేను తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో చేసి తెస్తానన్నాను. పెద్దింట్లు మెల్లగా తల అడ్డంగా ఊపింది. "మీరు తేవడం మంచిదేనండి. కాని పుట్టింటి చెయ్యి పడాలండి." ఇంటికెళ్లి చేసుకురమ్మంటే కూతుర్ని వదిలి కదలదు. ఆసుపత్రి వంటశాలలోకి బయటివాళ్లు అడుగుపెట్టకూడదని బోర్డు పెట్టించింది నేనే. ఆ బోర్డు పక్కనుంచే ఆవిణ్ని లోపలికి తీసుకెళ్లాను.

గురువారం సాయంత్రం బియ్యం నానబోసింది. శుక్రవారం నేను ముందు బండికి వచ్చేసరికి బియ్యం వంపి, పొడిబట్ట మీద ఆరబోసి ఉంది. రోలు, రోకలి ఎక్కడ దొరుకుతాయా అని నేను హైరానా పడుతుంటే, "మిక్సీ ఉంది కదండీ" అంది.

"మిక్సీ పర్లేదంటారా?"

"అమ్మోరు రోకలి చూత్తదేటండి, మనసు చూత్తది గాని."

తడిపిండి జల్లించింది. బెల్లం నేను త్రాసులో తూచబోతే నవ్వింది. ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను. "తూకం ఎందుకండీ, పాకమే సెప్తది." పొయ్యి దగ్గర సూరన్న గారికీ ఆవిడకీ వాదన వచ్చింది. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో చూసి ఆయన దింపమన్నారు. ఆవిడ ఇంకొక్క పొంగు రానివ్వమంది. నలభై ఏళ్లు గరిట పట్టిన సూరన్న గారు ఆ రోజు తగ్గి, గరిట ఆవిడ చేతికిచ్చి పక్కన నిలబడ్డారు. పిండి పోసి కలుపుతుంటే నెయ్యీ యాలకులూ కలిసిన వాసనకు ఊడ్చే మనిషి కూడా చీపురు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

వార్డులో దుర్గకు తల దువ్వి, చేతుల నిండా గాజులు వేశారు. డ్యూటీలో ఉన్న సిస్టర్లు, పక్క మంచాల దగ్గరి ఆడవాళ్లు చుట్టూ చేరారు. పెద్దింట్లు కూతురి ఒడిలో తమలపాకులు, పసుపుకొమ్ములు, చలిమిడి డబ్బా పెట్టి, కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. నేను పొద్దుటి ఇడ్లీల్లో ఒకటి ముందే తగ్గించాను. చిన్న ఉసిరికాయంత ఉండ తూచి ఆ పిల్ల చేతిలో పెట్టాను. దాన్ని దుర్గ ఎంతసేపు తిన్నదో తెలుసా? పావుగంట. మిగిలింది వార్డంతా పంచాం. షుగరున్నవాళ్లకు నా చేత్తో నేనే చిటికెడు చిటికెడు ఇచ్చాను. ఒక ముసలమ్మ చెయ్యి కడుక్కుని రెండోసారి వచ్చి లైన్లో నిలబడితే పట్టుకున్నాను కూడా.

రెండు గంటలయ్యాక షుగర్ చూస్తే హద్దులోనే ఉంది. మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు అన్నీ నా ఎదురుగా కూర్చుని తిన్నది.

చలిమిడి పెడితే బిడ్డ బతుకుతుందని నేను నమ్ముతానా అని నువ్వు అడగొచ్చు. నమ్మను. పోయిన బిడ్డకు కారణం బహుశా ఎవరూ చూడని షుగరే. ఆ ముక్క పెద్దింట్లుకు మెల్లగా, రెండు రోజులు పట్టి, అర్థమయ్యేలా చెప్పాను. చలిమిడి అందకపోవడం వల్ల కాదని విన్నాక ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పమంది. కాని చలిమిడి తిన్న పిల్ల ఆ మధ్యాహ్నం అన్నం తిన్నదే, దాన్ని నమ్ముతాను. ఇంటి తిండి మందు కాదు. మందు అనుకుని దాన్నే నమ్ముకోకూడదు, విషం అనుకుని పారేయకూడదు. అది ఎవరు పంపారో, ఎందుకు పంపారో ముందు అడుగు. మూత తర్వాత తీయి.

ఆపరేషన్ రోజు

తర్వాత తొమ్మిది రోజులకు డాక్టరమ్మ ఇక ఆగడం మంచిది కాదని ఆపరేషన్ చేద్దామన్నారు. పొద్దున్న పదకొండు గంటలకు దుర్గను లోపలికి తీసుకెళ్లారు. దుర్గ భర్త రక్తం కోసం పరిగెత్తాడు. నాకు అక్కడ పనేమీ లేదు. అయినా వెళ్లి థియేటర్ బయట పెద్దింట్లు పక్కన నిలబడ్డాను. ఆవిడ గోడకు ఆనుకుని, తలుపు మీదే చూపు నిలిపి ఉంది.

ఎంతసేపయిందో తెలియదు. తలుపు తెరుచుకుని సిస్టర్ తల బయటికి పెట్టింది.

"ఆడపిల్లండీ!"

"ఏడ్చిందా?" అంది పెద్దింట్లు.

"ఏంటండీ?"

"ఏడ్చిందాండీ పిల్ల?"

సిస్టర్ తలుపు ఇంకాస్త తెరిచింది. లోపలినుంచి ఏడుపు కారిడార్‌లోకి వచ్చింది. సన్నగా కాదు, ఎవరో తన్నినట్టు, గుక్క పట్టి మరీ ఏడుస్తోంది. పెద్దింట్లు అలాగే గోడ మీంచి కిందికి జారిపోయింది. కళ్లు తిరిగాయనుకుని నేను భుజం పట్టుకున్నాను. చెయ్యి మంచులా ఉంది.

"ఏవండీ, పొద్దున్న ఏం తిన్నారు?"

ఆవిడ కొంగు సర్దుకుంది. మళ్లీ అడిగాను.

"బిడ్డ ఏడుపు ఇనేదాకా అన్నం ముట్టనని అమ్మోరికి మొక్కుకున్నానండి."

"ఎప్పటినుంచి?"

"ఆ డబ్బా పోయిన కాడ్నుంచండి."

రెండు వారాలు కావస్తోంది. టీలు, అరటిపళ్లు, మరమరాలు. అంతే. అన్ని రోజులూ నేను దుర్గ కంచం తూచాను, దుర్గ ఇడ్లీలు లెక్కపెట్టాను, దుర్గ మంచం దగ్గరికి రోజుకు నాలుగుసార్లు వెళ్లాను. ఆ మంచం కింద చాప మీద ఉన్న మనిషిని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తిన్నారా అని అడగలేదు. ఆవిడ చలిమిడి వార్డంతా పంచిన రోజున కూడా తన వేలు నాక్కోలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా బతుకులో నాకు అంత సిగ్గేసిన రోజు ఇంకొకటి లేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను రోగి కన్నా ముందు, పక్కన కూర్చున్నవాళ్లను అడిగేదాన్ని. నువ్వూ అడుగు. చార్టులో దానికి గడి ఉండదు.

గదికి పరిగెత్తి నా కేరేజీ తెచ్చాను. అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, అడుగు గిన్నెలో పెరుగు. కారిడార్‌లో నేల మీదే కూర్చుని గిన్నె ఆవిడ ముందు పెట్టాను. చెయ్యి కడుక్కొచ్చి, కొంచెం అన్నం పప్పుతో కలిపి, కళ్లకద్దుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

రెండో ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

"ఇది మీ కేరేజీ కదండీ. మరి మీరేం తింటారు?"

నేను జవాబు చెప్పేలోగా సగం అన్నం మూతలోకి తీసి, పప్పు వేసి, ఆవకాయ బద్ద నంజుకోవడానికి పక్కన పెట్టి నా వైపు జరిపింది. లోపల పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. మేమిద్దరం వింటూ తిన్నాం.